ఎమ్‌సీబీ పడలేదు కానీ ప్లగ్గు కాలింది, ఎందుకని? – ఈ నెల కరెంటు ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయండి. ప్లగ్గు కాలింది, కనెక్టర్ కరిగింది, జాయింట్ నల్లబడింది... అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పక్కన పెట్టి ఈ పేజీ మొత్తం లూజ్ కనెక్షన్లకే ఇచ్చేశాం. ఎమ్‌సీబీ అంటే లైన్లో కరెంటు మితిమీరితే తనంతట తానే పడి లైను ఆపేసే స్విచ్చు.

ప్రశ్న: సార్, మా బాత్రూమ్ గీజరు 2000 వాట్లది. ప్లగ్గులో ఒక పిన్ను దగ్గర గోధుమ రంగు వచ్చి ప్లాస్టిక్ కరిగింది, ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు మార్చి వెళ్ళాడు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే. ఎమ్‌సీబీ ఒక్కసారి కూడా పడలేదు. అది పాడైంది, కొత్తది వేయిద్దాం అంటున్నారు మావారు. వేయించాలా? – పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఎమ్‌సీబీకి ఏమీ కాలేదు, దాని మీద డబ్బులు పెట్టొద్దు. అది చూసేది లైన్లో ఎంత కరెంటు పోతోంది అన్నదొక్కటే. మీ గీజరు 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంప్స్ తీసుకుంటుంది, 16 ఆంప్స్ ఎమ్‌సీబీకి అది ఒక లెక్కే కాదు. ఇప్పుడు ఆ పిన్నుకి సాకెట్లో సరిగ్గా పట్టు లేదనుకోండి, మంచి కాంటాక్ట్ అయితే కరెంటుకి తగిలే అడ్డు (రెసిస్టెన్స్) ఒక ఓమ్‌లో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే ఉంటుంది, పట్టు వదిలి మసి పట్టాక అదే 0.3 ఓమ్ దాకా పోయిందనుకుందాం. కరెంటుని కరెంటుతోనే గుణించి అడ్డుతో గుణిస్తే వచ్చేదే వేడి. 8.7 సార్లు 8.7, దాన్ని 0.3 తో గుణిస్తే దగ్గర దగ్గర 23 వాట్లు. రేడియో షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ మామూలుగా 25 వాట్లది, అంటే మీ ప్లగ్గులో ఒక పిన్ను మీద అలాంటిదొకటి పెట్టి గీజరు వేసినప్పుడల్లా ఆన్ చేసినట్టే. ఇంత జరిగినా లైన్లో కరెంటు పెరగదు, పైగా అడ్డు పెరిగింది కాబట్టి ఒక పిసరు తగ్గుతుంది, 8.7 కాస్తా 8.6 అవుతుంది. ఇక ఎమ్‌సీబీ దేన్ని చూసి పడాలి చెప్పండి. ఆర్‌సీసీబీ ఉన్నా అంతే, అది ఎర్త్‌లోకి లీకయ్యే కరెంటునే చూస్తుంది, ఇక్కడ లీకేజీ ఏమీ లేదు.

ప్లగ్గు మార్చినా మళ్ళీ కాలడానికి కారణం సాకెట్ మార్చకపోవడం. సాకెట్ లోపల ఇత్తడి రేకులు స్ప్రింగులా పిన్నుని బిగించి పట్టుకుంటాయి, ఒకసారి బాగా వేడెక్కితే ఆ పట్టు పోతుంది, మళ్ళీ రాదు. అందులో కొత్త ప్లగ్గు పెడితే కొత్తదీ కాలుతుంది, ఆ కాలిన ప్లగ్గు పెడితే కొత్త సాకెట్ కూడా పాడవుతుంది, కాబట్టి రెండూ ఒకేసారి మార్చాల్సిందే. సాకెట్ వెనకాల వైరు రాగి నల్లబడి ఉంటే అంతవరకు కోసేసి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి పోయి అక్కడ బిగించాలి. 16 ఆంప్స్ ఐఎస్ఐ మార్కు సాకెట్, గీజరుకి విడిగా లైను, కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 4 అయితే ఇంకా నిశ్చింత. 16 ఆంప్స్ ప్లగ్గుని 6 ఆంప్స్ సాకెట్లో పెట్టుకోడానికి అమ్మే అడాప్టర్ ఉంటుంది చూడండి, అది గీజరు దగ్గర గానీ ఐరన్ బాక్స్ దగ్గర గానీ ఇండక్షన్ స్టవ్ దగ్గర గానీ ఉంటే ఇవాళే తీసి పారేయండి. అవి అమ్మకుండా ఆపాలని నేను చాలాకాలంగా అంటున్నాను.

కొత్తవి వేయించాక ఒకసారి గీజరు అరగంట నడిపి, స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి ప్లాస్టిక్ భాగాన్ని ముట్టుకుని చూడండి, పిన్నులు మాత్రం ముట్టుకోవద్దు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంకా ఎక్కడో లూజ్ ఉన్నట్టే.

ప్రశ్న: మా ఇంట్లో చేపలు, మాంసం వండం. అయినా పది రోజులుగా సాయంత్రం పూట హాల్లో నీచు వాసన వస్తోంది. ఎలక చచ్చిందేమోనని సోఫాలు జరిపి అంతా వెతికాం, ఏమీ లేదు. ఏసీ వేసినప్పుడే ఎక్కువగా వస్తోందని మా అమ్మాయి అంటోంది. ఇది కరెంటు సంగతేనా? – పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీ అమ్మాయి సరిగ్గా పట్టుకుందండి. స్విచ్చులు, సాకెట్లు, కనెక్టర్లలో వాడే కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్కులు బాగా వేడెక్కితే నీచు వాసనే వస్తుంది, మంట రావడానికి చాలా ముందే ఈ వాసన మొదలవుతుంది. ఇది చదవగానే ఏసీ ఎమ్‌సీబీ దించేయండి, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మళ్ళీ వేయొద్దు, ఈ ఒక్క రాత్రికి ఫ్యానుతో సర్దుకోండి. ఏసీ ప్లగ్గు, స్టెబిలైజర్ వెనక ఉన్న కనెక్టర్, డీబీలో, అంటే ఎమ్‌సీబీలన్నీ ఉండే పెట్టెలో, ఆ ఎమ్‌సీబీ కింది స్క్రూ, ఈ మూడు చోట్లా చూడమనండి, ఎక్కడో ఒకచోట పసుపు మచ్చో గోధుమ మచ్చో కనపడొచ్చు. అక్కడ కనపడకపోతే ఏసీ బయటి యూనిట్ టెర్మినల్స్ కూడా విప్పి చూడాలి. రూమ్ ఫ్రెషనర్ కొట్టి ఊరుకోవద్దు.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ ఎలక్ట్రికల్ చదువుతున్నాను. ఎక్కడ అగ్ని ప్రమాదం జరిగినా పేపర్లో షార్ట్ సర్క్యూట్ అనే రాస్తారు. ఫేజు, న్యూట్రల్ తగిలితే ఎమ్‌సీబీ వెంటనే పడాలి కదా, మరి మంట ఎలా వస్తుంది? – విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: బాబూ, మంచి ప్రశ్న అడిగావు. సరైన ఎమ్‌సీబీ ఉన్నచోట నిజమైన షార్ట్ అయితే కన్ను మూసి తెరిచేలోగా లైను పడిపోతుంది, అలా పడేటప్పుడు మంట అంటుకునే అవకాశం తక్కువే. చాలాచోట్ల షార్ట్ అనేది కథలో చివర జరిగేది. ముందు ఒక జాయింట్ లూజ్ అవుతుంది, అది వేడెక్కుతుంది, వేడికి రాగి మీద ఆక్సైడ్ పట్టి అడ్డు పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి, ఇంకా ఆక్సైడ్, ఇలా నెలల తరబడి సాగి ఒకరోజు ఆ చిన్న చోటు ఎర్రగా కణకణలాడే దాకా వస్తుంది. మామూలు పీవీసీ వైరు ఇన్సులేషన్ 70 డిగ్రీలకే తయారైంది, అలాంటి చోట అది ఏం ఆగుతుంది, కరిగిపోతుంది, కరిగాక అప్పుడు ఫేజు న్యూట్రల్ తగులుకుని షార్ట్ అవుతుంది. బూడిదలో వెతికేవాళ్ళకి కనపడేది ఆ చివరి షార్టే, పేపర్లో వచ్చేదీ అదే.

లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ సంగతి చదివే ఉంటావు. 2017 జూన్ 14న అంటుకుంది, 72 మంది చనిపోయారు. మంట 4వ అంతస్తులో ఒక వంటింట్లో పెద్ద ఫ్రిజ్ దగ్గర మొదలైందని విచారణలో తేలింది. ఆ ఫ్రిజ్‌లో కంప్రెసర్‌కి పోయే వైరు దగ్గర ఒక క్రింప్ కనెక్టర్ (టూల్‌తో వైరు మీద నొక్కి బిగించే లోహపు ముక్క) సరిగ్గా నొక్కక వేడెక్కి ఉండొచ్చని ఆ విచారణలో ఒక ఎలక్ట్రికల్ నిపుణుడు చెప్పాడు. భవనమంతా పాకడానికి బయట గోడలకి వేసిన క్లాడింగ్ కారణం, అది వేరే పెద్ద కథ. కానీ వేలెడంత కూడా లేని ఒక కనెక్టర్ మీద అంత పెద్ద విచారణలో అంత చర్చ జరిగిందని గుర్తు పెట్టుకో, రేపు నువ్వు క్రింపింగ్ టూల్ చేతిలో పట్టుకున్నప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నాం. లైట్ల వైర్లు మెలిపెట్టి టేపు చుట్టేస్తున్నారు, ఇన్నేళ్ళుగా ఇలాగే చేస్తున్నాం ఏమీ కాదు అంటున్నారు. కనెక్టర్లు పెట్టమని గట్టిగా అడగాలా? – పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: గట్టిగానే అడగండి అమ్మా, సీలింగ్ మూసేశాక ఇక ఆ జాయింట్ ఎవరికీ కనపడదు. ఎల్ఈడీ లైట్లకి కరెంటు చాలా తక్కువ, కాబట్టి అక్కడ మెలిపెట్టి చుట్టినా చాలాకాలం నడిచిపోతుంది, ఆ మాట నిజమే. అదే చేత్తో అదే పద్ధతిలో ఏసీ లైను, గీజరు లైను కూడా మెలిపెట్టేస్తారు చూడండి, అసలు ప్రమాదం అక్కడ. టేపు పని కరెంటు తగలకుండా కప్పడం వరకే, రాగిని రాగికి నొక్కి పట్టే బలం దానికి లేదు, పైగా మన ఎండాకాలంలో స్లాబు కింద వేడికి దాని జిగురు కారిపోయి టేపు ఊడొస్తుంది.

లివర్ ఎత్తి వైరు పెట్టి నొక్కేసే కనెక్టర్లు ఇప్పుడు అన్నిచోట్లా దొరుకుతున్నాయి, దాని మీద ఎన్ని ఆంప్స్, ఎంత సైజు వైరు అని రాసి ఉంటుంది, అది చూసి కొనండి. వీధిలో ఏ పేరూ లేకుండా అమ్మేవి మాత్రం వద్దు, లోపల స్ప్రింగు నాసిరకమైతే అదే మళ్ళీ లూజ్ కనెక్షన్. స్క్రూ ఉన్న పాత రకం కనెక్టర్ అయినా తప్పు లేదు, కాకపోతే మల్టీ స్ట్రాండ్ వైరుని నేరుగా స్క్రూ కింద పెడితే పోగులు పక్కకి జారిపోయి సగమే పట్టుకుంటాయి, చివర్లో పిన్ లగ్గు (వైరు చివర తొడిగే లోహపు పిన్ను) వేసి క్రింప్ చేసి బిగించాలి. కొందరు పోగులన్నీ కలిసి ఉండాలని చివరకి సోల్డర్ పట్టించి స్క్రూ కింద పెడతారు. చూడ్డానికి బాగుంటుంది కానీ సోల్డర్ మెత్తటి లోహం, స్క్రూ ఒత్తిడికి రోజులు గడిచేకొద్దీ నెమ్మదిగా జారిపోయి బిగువు వదులైపోతుంది, అది చేయనివ్వకండి. ఇంకోటి, ఇన్సులేషన్ ఒలిచేటప్పుడు పళ్ళతోనో బ్లేడుతోనో లాగి రెండు మూడు పోగులు తెంపేస్తుంటారు, తెగిన చోట వైరు సన్నబడినట్టే, స్ట్రిప్పర్ వాడమనండి. అన్ని జాయింట్లూ ఒక డబ్బాలోకి తెచ్చి, ఆ డబ్బా మూత తర్వాత తీయగలిగేలా లైటు కన్నం పక్కనే ఉంచమనండి, సీలింగ్ మూసేముందు ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. 1969లో కట్టిన ఇల్లు ఒకటి నచ్చింది, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో అల్యూమినియం వైరింగ్ అని రాశారు. వదిలేయాలా? – పాఠకుడు

జవాబు: వదిలేయక్కర్లేదు, కానీ ఆ ఖర్చు కలుపుకుని బేరం ఆడండి. రాగి ధర పెరిగిన రోజుల్లో, 1965 నుంచి 1973 దాకా, అమెరికాలో చాలా ఇళ్ళకి అల్యూమినియం వైరే వేశారు. వైరు పొడవునా పెద్ద బాధ లేదు, బాధంతా స్విచ్చులు సాకెట్ల దగ్గర చివర్లలోనే. అల్యూమినియం వేడికి రాగి కన్నా ఎక్కువ సాగుతుంది, స్క్రూ కింద మెల్లగా నలిగి జారుతుంది, గాలి తగిలితే పైన కట్టే ఆక్సైడ్ పొర కరెంటుని పోనివ్వదు. 1974లో న్యూయార్క్ రాష్ట్రం హ్యాంప్టన్ బేస్‌లో ఒక ఇల్లు కాలి ఇద్దరు చనిపోయాక అక్కడి కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ ఈ సంగతిని గట్టిగా పట్టుకుంది. వాళ్ళు ఒప్పుకునే మార్గాలు ఇల్లంతా రాగి వైరు మార్చడం, లేదా ప్రతి చివరా కోపాలం అనే క్రింప్ వేయడం, అది కుదరకపోతే అల్యుమికాన్ కనెక్టర్లు. ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీతో ముందే మాట్లాడుకోండి, కొన్ని కంపెనీలు ఇలాంటి ఇళ్ళకి పాలసీ ఇవ్వడానికి వెనకాడతాయి.

ఇక్కడి పాఠకులకి కూడా ఒక మాట. మన ఊళ్ళలో స్తంభం నుంచి మీటరుకి వచ్చే సర్వీస్ వైరు చాలాచోట్ల అల్యూమినియమే, అది మీటరు దగ్గర గానీ మెయిన్ స్విచ్చు దగ్గర గానీ రాగి వైరుతో నేరుగా మెలిపెట్టి ఉంటే తేమ తగిలి తినేస్తుంది. రెండు లోహాలకి పనికొచ్చే బైమెటాలిక్ లగ్గు వేయించండి. మీటరుకి ముందు భాగం మాత్రం లైన్‌మన్ చేతనే చేయించాలి. త్రీ ఫేజ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో మెయిన్ న్యూట్రల్ గనక ఇలా ఊడిపోతే 230 రావాల్సిన ఫ్లాట్లలో కొన్నింటికి 400 వోల్టుల దగ్గర దాకా పోవచ్చు, టీవీలు ఫ్రిజ్‌లు అన్నీ ఒకేసారి కాలిపోయాయని వినేది ఇందుకే.

ప్రశ్న: సార్ నమస్తే, మాది సిద్దిపేట దగ్గర పల్లె. బాయికాడ 5 హెచ్‌పీ మోటరు ఉంది, పోయిన యాసంగిల కాలింది, మళ్ల ఇప్పుడు కాలింది, వైండింగ్‌కే పైసలన్నీ పోతున్నయి. మెకానిక్ వోల్టేజి లేదంటడు. స్టార్టర్ డబ్బల ఒక వైరు కాడ ప్లాస్టిక్ కరిగి ఉన్నది, దానికీ దీనికీ ఏమన్న సంబంధం ఉంటదా? – రైతు

జవాబు: అన్నా, ముందు అనుమానించాల్సింది ఆ కరిగిన వైరునే. అక్కడ లూజ్ ఉంటే మూడు ఫేజుల్లో ఒకటి వస్తూ పోతూ ఉంటుంది, నడుస్తున్న మోటారుకి ఒక ఫేజు పోయినా అది ఆగదు, మిగిలిన రెండింటి మీదే లాగుతుంది, మామూలుగా 8 ఆంప్స్ తీసుకునేది 14 దాకా తీసుకుంటుంది. అలా ఎక్కువసేపు నడిస్తే వైండింగ్ మాడిపోతుంది. ఓవర్‌లోడ్ రిలే ఉంటే అది ఆపాలి, కానీ ఊరికే పడుతోందని చాలామంది దాన్ని పైకి తిప్పి పెడతారు లేదా డైరెక్ట్ చేసేస్తారు, నీ స్టార్టర్‌లో అలా ఉందేమో చూడు. ఒక ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ వేయించు, ఒక్కసారి వైండింగ్ చేయించే ఖర్చు కన్నా అది చాలా తక్కువ.

ఫ్యూజులు పీకి, కరెంటు లేదని టెస్టర్‌తో మూడు ఫేజులూ చూసుకున్నాక, ఆ కాలిన వైరు కోసేసి కొత్త లగ్గు క్రింప్ చేయించు, టెర్మినల్ స్క్రూ కాలి ఉంటే ఆ కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు) కూడా మార్చాలి, గీకి మళ్ళీ బిగిస్తే నిలవదు. మోటారు వణుకుకి, ఎండకి, వానకి ఆ స్క్రూలు వదులవుతూనే ఉంటాయి కాబట్టి ప్రతి పంటకి ముందు ఒకసారి అన్నీ బిగించుకో. తడి చేతులతో, తడి నేల మీద వట్టి కాళ్ళతో ఆ డబ్బా ముట్టుకోకు అన్నా. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్‌ని పిలువు, ఎంత ఆలస్యమైనా సరే నువ్వు మాత్రం ఎక్కకు.

ప్రశ్న: ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినల్ దగ్గర తెల్లగా, పచ్చగా బూజులా పేరుకుంది. ఏం చేయాలి? – పాఠకుడు, అనంతపురం

జవాబు: వెంటనే శుభ్రం చేయించండి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 600 వాట్ల లోడు లాగితే ఆ టెర్మినల్ గుండా 50 ఆంప్స్ పైనే పోతుంది, అక్కడ ఒక ఓమ్‌లో నూరో వంతు అడ్డు ఉన్నా 25 వాట్ల వేడి పుడుతుంది. ఇన్వర్టర్ ఆపి, మెయిన్ కూడా తీసి, గది కిటికీలు తెరిచి, ముందు నెగటివ్ వైరు విప్పి తర్వాత పాజిటివ్ విప్పాలి. చేతికి గ్లవ్స్ వేసుకుని, వంట సోడా కలిపిన వేడి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి, ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. ఆరాక ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ గట్టిగా బిగించి పైన పల్చగా వ్యాజిలిన్ రాయండి. చార్జింగ్‌లో ఆ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో అగ్గిపుల్ల గీయడం, దీపం పెట్టడం చేయకండి, ఇనప స్పానర్ రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగలనివ్వకండి.