మేనరికం మాట వెనక్కి తీసుకోండి

గుంటూరు నుంచి ఒక తల్లి రాశారు. కూతురికి 17 ఏళ్లు, విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకు జుట్టు కత్తిరించుకుని వచ్చింది. చొక్కా కింద ఛాతీకి క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకుని ఉండటం తల్లి చూశారు. నిలదీస్తే ‘నేను అమ్మాయిని కాదమ్మా, ఎప్పుడూ కాదు’ అంది. ఆ పిల్లను తన అన్నయ్య కొడుక్కి ఇస్తానని ఈమె ఎప్పుడో మాటిచ్చారు. కాలేజీ ఫీజు కడుతున్నదీ ఆ అన్నయ్యే. ‘మందులు వాడితే మారుతుందా, ఇంటర్ కాగానే నిశ్చితార్థం చేసేస్తే సర్దుకుంటుందా?’ అని అడుగుతున్నారు.

అమ్మా, రెండిటికీ జవాబు ఒకటే. మారదు, సర్దుకోదు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నా, తాను అబ్బాయినని లోపల తెలిసినవాళ్లను ట్రాన్స్‌జెండర్ అంటారు. మందులు వాడటానికి ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే దీన్ని మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసేసింది. ఏ డాక్టరైనా ‘నేను మారుస్తాను’ అంటే లేచి వచ్చేయండి. అలాంటి వైద్యం చేయడం వృత్తి నియమాలకు విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. ఇక పెళ్లంటారా, మీ మేనల్లుడి బతుకు కూడా పాడవుతుంది.

మీ ఉత్తరంలో అన్నయ్య మాట పదకొండు సార్లు వచ్చింది. బిడ్డ నిద్రపోతోందా, అన్నం తింటోందా అన్నది ఒక్కసారి కూడా లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇక్కడి నుంచి నేను ‘వాడు’ అనే రాస్తాను. మీ నోటికి అంత త్వరగా రాదని తెలుసు. అయితే తెలుగులో ఒక వెసులుబాటుంది. ఎదురుగా ‘తిన్నావా, పడుకున్నావా’ అని అడిగితే అందులో ఆడా మగా తేడా లేదు. మన వైపు ఆడపిల్లనైనా ముద్దుగా ‘ఏరా, నాన్నా’ అంటూనే ఉంటాం. అక్కడ మొదలుపెట్టండి. తనకు ఏ పేరు ఇష్టమో అడిగి, మీరిద్దరే ఉన్నప్పుడు ఆ పేరుతో పిలవండి. మిగతావాళ్ల ముందు ఎలా పిలవాలో కూడా వాణ్ణే అడగండి. పొరపాటున పాత పేరు వస్తే దిద్దుకుని మాట సాగించండి, ఏడుస్తూ కూర్చోకండి. మీరు ఏడిస్తే వాడు తన బాధ దాచుకుని మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఆ బ్యాండేజీ సంగతి మాత్రం వాయిదా వెయ్యకండి. అది బెణికిన కాలికీ చేతికీ కట్టేది. ఛాతీకి కడితే ఊపిరి తీసుకున్నప్పుడు పక్కటెముకల్ని సాగనివ్వదు, జరిగే కొద్దీ ఇంకా బిగుస్తుంది. మన ఎండలకు లోపల చెమట నిలిచి చర్మం ఒరుసుకుపోతుంది. దాన్ని మాన్పించి, సరైన సైజు స్పోర్ట్స్ బ్రా, పైన వదులు చొక్కా ఇవ్వండి. ఛాతీ చదునుగా కనిపించడం కోసమే కుట్టే బైండర్లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. టేపుతో కొలిచి అదే సైజు తెప్పించండి, ఒక సైజు తక్కువది వద్దు. రోజుకు 8 గంటలు దాటకూడదు. నిద్రలో, ఆటల్లో, దగ్గు ఉన్నప్పుడు వేసుకోకూడదు. ఆయాసమో ఎముకల నొప్పో ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. మగ హార్మోన్ ఇంజెక్షన్లు సొంతంగా తెప్పించుకోవద్దని నచ్చజెప్పండి. రక్తపరీక్షలు లేకుండా వాడితే రక్తం మరీ చిక్కబడినా తెలియదు, మారిన గొంతు మళ్లీ వెనక్కి రాదు. ఇప్పుడు తొందరేమీ లేదు. జుట్టు, బట్టలు, పిలుపు ఈ వయసుకు చాలు.

సైకియాట్రిస్టు దగ్గరికి నిద్ర కోసం, దిగులు కోసం వెళ్లండి, మార్చడానికి కాదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని మీరే సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

కాగితాల జోలికి ఇప్పుడు పోకండి. హాల్‌టికెట్ పదో తరగతి సర్టిఫికెట్‌లోని పేరు మీదే వస్తుంది, మధ్యలో మారిస్తే ఈఏపీసెట్‌లో పేర్లు కలవక చిక్కు. పరీక్షలయ్యాక, వాడు కావాలంటే, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద కలెక్టర్ ఇచ్చే ధ్రువపత్రానికి ఇప్పటి నియమాలేమిటో కనుక్కుని చూడొచ్చు.

ఇప్పుడు అన్నయ్య సంగతి. ఫీజు బాకీ డబ్బుతో తీరాలి, బిడ్డతో కాదు. కానీ వరస తప్పకండి. ముందే మాట తెంపితే ఆయన ఫీజు ఆపేస్తారు, హాల్‌టికెట్ దగ్గర కాలేజీ పేచీ పెడుతుంది. అందుకని మొదట మిగిలిన ఫీజు చేతిలో పెట్టుకోండి, మెడలో గొలుసు బ్యాంకులో పెట్టయినా సరే. ఇప్పటిదాకా ఆయన కట్టిందంతా పుస్తకంలో రాసి, నెలకు ఎంత తీర్చగలరో లెక్క వేసుకోండి. ‘మీ అన్నయ్యనే అడుగు’ అని మీ ఆయన తప్పుకున్నారట. కన్నతండ్రి ఆయన, ఆ లెక్కలో ఆయన్నీ కూర్చోబెట్టండి. తర్వాత ఒక్కరే పుట్టింటికి వెళ్లి, వదిన చెవిన పడకముందే చెప్పండి: ‘అన్నయ్యా, ఈ సంబంధం వద్దు. నీ కొడుక్కి వేరే చూసుకో. నీ డబ్బు నెలనెలా ఇస్తాను.’ ఎందుకని అడిగితే ‘బిడ్డకు ఇష్టం లేదు’ అంటే చాలు, అది అబద్ధం కాదు. మిగతాది చెప్పాలా వద్దా అన్నది మీ బిడ్డ ఇష్టం, మీది కాదు. ఎప్పుడైనా విషయం తెలిసి ‘ఇంట్లోంచి పంపెయ్’ అని ఎవరైనా అంటే, ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని ఇల్లు వదిలిపోయేలా చెయ్యడం ఆ 2019 చట్టం ప్రకారం నేరమనీ, 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా జైలు ఉందనీ చెప్పండి.

ఆదివారం హాస్టల్ నుంచి ఫోన్ వస్తుంది కదా. పక్కన ఎవరున్నా ఫర్వాలేదు, ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఏరా, తిన్నావా? ఆ కట్టు విప్పేశావా?’ అని అడగండి.