లైబ్రరీలో పోయిన బ్యాగు గురించి

తమ్ముడూ, బెంగళూరులో మీ యూనివర్సిటీ లైబ్రరీలో బ్యాగు మర్చిపోయి మూడు రోజులైంది, ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ అందులోనే ఉన్నాయి, గేటు సెక్యూరిటీ వాళ్లు తెలీదంటున్నారు అని రాశావు కదా, టెన్షన్ పడకు, గేటు దగ్గరే ఆగిపోకు. పెద్ద క్యాంపస్‌లో దొరికిన వస్తువు ఒకేచోటికి చేరాలని లేదు, లైబ్రరీ కౌంటర్లోనో, డిపార్ట్‌మెంట్ ఆఫీసులోనో, హాస్టల్ వార్డెన్ దగ్గరో ఉండిపోవచ్చు, అన్నిచోట్లా నువ్వే స్వయంగా వెళ్లి అడుగు. రిజిస్ట్రార్ పేరున ఒక అర్జీ రాసిచ్చి నకలు మీద సీలు వేయించుకో. నోటిమాటగా చెప్పింది సాయంత్రానికి మర్చిపోతారు, కాగితాన్ని అలా వదిలేయలేరు.

ఫోన్ సంగతి మాత్రం ఈరోజే చూడు. పోలీసు ఫిర్యాదు నకలు తీసుకుని, అదే నంబరుకి కొత్త సిమ్ తెచ్చుకుని, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు, ఇచ్చి బ్లాక్ చేయించు, ఆ 15 అంకెలు ఫోన్ కొన్న డబ్బా మీద ఉంటాయి. ల్యాప్‌టాప్ బిల్లు, సీరియల్ నంబరు కూడా వెతికి పెట్టుకో, అవి చూపించకుండా ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

ఇంకోటి, 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికిన వస్తువును తన దగ్గర పెట్టుకున్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా కాపాడాలి. ఒకవేళ అది పోలీసుల చేతికి వెళ్లి, యజమాని ఎవరో తెలియకపోతే, మేజిస్ట్రేట్ ప్రకటన ఇచ్చి, హక్కుదారు వచ్చి అడగడానికి 6 నెలల గడువు పెట్టవచ్చు. మూడు రోజులంటే ఇంకా ఏమీ మించిపోలేదు, రేపు పొద్దున్నే లైబ్రరీకి వెళ్లు.