ఆ పాత భవంతిని ఏం చేయాలో తేల్చే ముందు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఆ పెద్దావిడ ఇంగ్లండ్‌లోని తన పల్లె భవంతిని మీ సేవాసంస్థకు రాసిచ్చారని, వచ్చే నెల ట్రస్టీల సమావేశంలో దాన్ని ఏం చేయాలో తేల్చాలని రాశావు. ఒకరు హోటల్ అంటున్నారట, ఇంకొకరు పెళ్ళిళ్ళకు అద్దెకిద్దామంటున్నారట, నీకేమో మీ దివ్యాంగ పిల్లలకు సెలవుల విడిది చేయాలని ఉంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి పాత భవనాల మరమ్మతుల్లోనే నా ఉద్యోగం గడిచింది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. ఆ సమావేశంలో ఏదీ తేల్చకండి. ఇల్లు నిలబడడానికి ఏటా ఎంత ఖర్చవుతుందో ఇంకా మీలో ఎవరికీ తెలియదు. అది తెలిశాక సగం ఆలోచనలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

దానపత్రాన్ని మాత్రం ఇప్పుడే, నెమ్మదిగా, ఒక న్యాయవాదిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఇల్లు సంస్థకు ఏ షరతూ లేకుండా వచ్చిందా, లేక ఫలానా పనికే వాడాలన్న కట్టుబాటుతో వచ్చిందా? రెంటికీ చాలా తేడా ఉంది. రెండోదైతే రేపు అమ్మాలన్నా, దీర్ఘకాలం లీజుకివ్వాలన్నా సాధారణంగా ముందు బహిరంగ ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. 2011 నాటి చారిటీల (సేవాసంస్థల) చట్టం చెప్పేది అదే. ఆవిడ విడిగా ఒక ఉత్తరంలో కోరికలు రాసిపెట్టి ఉంటే వాటిని గౌరవించండి. అయితే ఆ ఉత్తరం, దానపత్రం ఒకటి కాదని అందరికీ తెలిసి ఉండాలి.

పత్రంలో ఇంకొకటి చూడు. ఇంటితో పాటు పొలాలు వచ్చాయా? ఇంగ్లండ్ పల్లె భవంతులు ఏనాడూ తమంతట తాము బతకలేదు. చుట్టూ ఉన్న పొలాల కౌళ్ళే వాటిని పోషించాయి. 1870ల తర్వాత ధాన్యం ధరలు పడిపోయి కౌళ్ళు తగ్గాయి, 1894 నుంచి వారసత్వపు పన్ను బరువు తోడైంది, ఒక్కొక్క కుటుంబమే చేతులెత్తేసింది. 1937లో చట్టం మార్చుకుని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ ఇలాంటి ఇళ్ళను తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇంటితో పాటు దాని పోషణకు ఆదాయం చూపించమనేది. లార్డ్ లోథియన్ 1940లో చనిపోతూ నార్ఫోక్‌లోని బ్లిక్లింగ్ హాల్‌ను వేల ఎకరాల ఎస్టేటుతో సహా ఇచ్చారు. తర్వాత 1968లో ఆ సంస్థ ఒక లెక్క కూడా తయారుచేసుకుంది: మరమ్మతులు, జీతాలు, పెరిగే ధరలు అన్నీ వేసి, ఎంత మూలధనం ఉంటే ఈ ఇల్లు మన నెత్తిన పడకుండా ఉంటుందో తేల్చే లెక్క. చోర్లీ సూత్రం అంటారు. అంత పెద్ద సంస్థ అంత జాగ్రత్త పడింది. మీరు పడకపోతే పిల్లల కోసం కూడబెట్టిన డబ్బు పైకప్పు మీదికి పోతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, ఖాళీగా పడి ఉన్న భవంతి సంగతీ అంతే. బీమా, కాపలా, వేడి, పైకప్పు మీది సీసపు రేకులు దొంగలు పట్టుకుపోకుండా నిఘా, ఏదీ ఆగదు.

పాత భవనాల అనుభవమున్న సర్వేయర్ చేత నివేదిక రాయించండి. దానికి పెట్టే రుసుము దగ్గర పిసినారితనం వద్దు. కానీ నివేదిక చేతికి వచ్చేదాకా ఆగకుండా, జోరుగా వాన పడుతున్న రోజు చూసి నువ్వే వెళ్ళు. గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరుగు. గోడకు ఉన్న నీటి గొట్టాల పైన గరాటులా ఒక పెట్టె ఉంటుంది. నీళ్ళు గొట్టంలోకి దిగకుండా దాని అంచుల మీదుగా గోడ వెంట కారుతున్నాయంటే లోపల ఆకులో, చచ్చిన పావురమో అడ్డుపడిందని అర్థం. సరిగ్గా ఆ గోడకే లోపలి వైపు వెళ్ళి నిలబడు. పుట్టగొడుగుల వాసన వస్తుందేమో చూడు. కిటికీ కింది చెక్కను బొటనవేలితో నొక్కు, మెత్తగా లోపలికి దిగితే పుచ్చు మొదలైనట్టే. అది చెక్క పలకల వెనక నుంచి దూలాల చివరల దాకా పాకుతుంది, గది మాత్రం పైకి చక్కగానే కనిపిస్తుంది. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇలా తూము శుభ్రం చేయించకపోవడం వల్ల వచ్చినవే. కరెంటు తీగలు కూడా ఆ వారంలోనే పరీక్ష చేయించు. 2015 ఏప్రిల్‌లో సర్రీలోని క్లాండన్ పార్కులో నేలమాళిగలోని విద్యుత్ బోర్డులో లోపం వల్ల మంటలు లేచి, మూడు వందల ఏళ్ళ నాటి ఇల్లు దాదాపు మొత్తం కాలిపోయింది. ఆ ఇంటి ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇక వాడకం గురించి. హోటల్ ఆలోచన నాకు నచ్చలేదు. ప్రతి గదికీ స్నానాలగది అంటే ప్రతి గది కప్పు పైనా నీటి గొట్టాలు, పాత గదుల మధ్య కొత్త గోడలు. అది లిస్టెడ్ భవనం, అంటే చట్టం రక్షణ ఇచ్చే చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్నది, కాబట్టి దాని స్వరూపం మార్చే ఏ పనికైనా, లోపల చేసేదానికి కూడా, స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి. లేకుండా చేస్తే నేరం. మరమ్మతుల ఖర్చు మీద 20 శాతం వ్యాట్ కూడా లెక్కలో వేసుకోండి. పెళ్ళిళ్ళు కొంత డబ్బు తెస్తాయి గానీ వేసవి వారాంతాల్లోనే. మీ పిల్లలూ ఎక్కువగా వేసవిలోనే కదా వచ్చేది.

నీ ఆలోచన మంచిదే తల్లీ, కానీ చోటు మార్చి ఆలోచించు. చక్రాల కుర్చీలకు లిఫ్టు పెట్టాలంటే ఆ పాత మెట్ల హాలును కోయాలి, దానికి అనుమతి దొరకడం కష్టం, నాకూ మనసొప్పదు. అదే గుర్రపుశాలలైతే నేల మట్టంలో ఉంటాయి, వాకిళ్ళు వెడల్పు, పడకగదులుగా మార్చినా పెద్ద ఇంటికి దెబ్బ తగలదు. వాటికీ అనుమతి అడగాల్సిందే, అయితే వచ్చే అవకాశం ఎక్కువ. పిల్లల విడిది అక్కడ పెట్టండి. పెద్ద ఇంట్లో కింది రెండు మూడు గదులు వాళ్ళు ఆడుకోవడానికి ఉంచి, మిగతా భాగాన్ని ఆఫీసులకో, సంగీత శిక్షణ ఇచ్చేవాళ్ళకో అద్దెకివ్వండి. మొదటి లీజు ఏడేళ్ళు దాటనివ్వకండి. అంతవరకూ చట్టపు తతంగం తక్కువ, అద్దెదారు ఇల్లు ఎలా చూసుకుంటాడో మీకూ తెలుస్తుంది.

లెక్కలు ఎంత సర్దినా కుదరకపోతే అమ్మడానికి వెనకాడవద్దు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మహిళా ఇన్‌స్టిట్యూట్‌లనే ఆడవాళ్ళ సంఘాల సమాఖ్య ఒక పల్లె భవంతిలో 1948లో డెన్మన్ కళాశాల తెరిచింది. ఎన్ని వేల మంది ఆడవాళ్ళు అక్కడ చదువుకున్నారో, దాన్నెంత ప్రేమించారో నాకు తెలుసు. అయినా 2020లో మూతపడింది. ఆ ఇంటి మీద మీకున్న బాధ్యత నిజమైనదే, కానీ ట్రస్టీలుగా మీరు మాట ఇచ్చింది ముందు పిల్లలకు. ఆస్తి అమ్మకంలో అర్హతున్న సలహాదారు రాతపూర్వకంగా ఇచ్చిన నివేదిక లేకుండా మాత్రం ఏ ధరకూ ఒప్పుకోకండి. కొనేవాళ్ళు ఇంటిని, పొలాన్ని ముక్కలు చేయకుండా ఒప్పందంలో రాయించుకోండి.

ఆ ఊరివాళ్ళను కూడా ఒకసారి పిలిచి మాట్లాడు. ఏ గోడ ఏ చలికాలంలో తడిసిందో ఆ ఇంట్లో పనిచేసిన తోటమాలికి తెలిసినంత ఏ సర్వేయర్‌కూ తెలియదు.

దానపత్రం నకలు, గత మూడేళ్ళ ఖర్చుల పుస్తకం నాకు పంపు. చదివి, ట్రస్టీలను అడగాల్సిన ప్రశ్నలు రాసి పంపుతాను. సర్వేయర్‌ను పిలిపించే రోజు తెలియజేస్తే నేను కూడా వస్తాను, పైకప్పు ఎక్కలేకపోయినా కింద నిలబడి చూస్తాను.

మీ పెదనాన్న