గణిత బోధన: ఉపాధ్యాయుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. శాఖ నిర్వహించిన శిక్షణలన్నింటికీ హాజరయ్యాను. వింటున్నప్పుడు బాగానే ఉంటుంది. తిరిగి వచ్చాక చూస్తే ఎనిమిదో తరగతిలో చాలామందికి భాగహారమే రాదు, ఇక బీజీయ సమాసాలు ఎలా చెప్పాలి? మాకు నిజంగా ఉపయోగపడే శిక్షణ ఎలా ఉండాలి?
– ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: గణిత ఉపాధ్యాయుల శిక్షణ పిల్లల నోటుపుస్తకాల దగ్గర మొదలై, మళ్లీ వాటి దగ్గరకే రావాలన్నది నా దృఢమైన అభిప్రాయం. ఇప్పుడు జరిగే శిక్షణల్లో ఎక్కువ భాగం పాఠ్యపుస్తకంలోని అధ్యాయంతో మొదలై, మాడ్యూలు చదవడంతోనో ఒక టీఎల్ఎం (బోధనోపకరణం) తయారు చేయడంతోనో ముగుస్తోంది. మీ విద్యార్థి ఎక్కడ ఆగిపోయాడన్న సంగతి ఆ గదిలో చర్చకే రాదు.

మీ తరగతిలో 618ని 6తో భాగించమని ఇవ్వండి. కొందరు 13 అని రాస్తారు. అది చూడగానే ఎక్కాలు రావనుకోవడం సహజమే, కాని ఆ విద్యార్థికి ఎక్కాలు వచ్చు. ఆరొకట్ల ఆరు, ఆరు మూళ్ల పద్దెనిమిది అన్న రెండింటినీ సరిగ్గానే వాడాడు. అతనికి పట్టుబడనిది స్థాన విలువ. ఆరు వందలను ఆరుగురికి పంచితే తలా ఒక వంద వస్తుంది. ఉన్న ఒక్క పదిని పదిగానే ఆరుగురికి పంచలేం కనుక పదుల స్థానంలో సున్న రాయాలి. ఆ పదిని ఒకట్లుగా మార్చి ఎనిమిదితో కలిపితే పద్దెనిమిది ఒకట్లవుతాయి, తలా మూడు వస్తాయి. ఈ పంపకాన్ని నమూనా నోట్లతో తన చేత్తో చేసిన పిల్లవాడికి, ఆరు వందలకు పైగా ఉన్న సొమ్ములో ఒక్కొక్కరికి పదమూడేనా అన్న అనుమానం తానుగా వస్తుంది. ఎక్కాలు ఎన్నిసార్లు తిరగరాయించినా ఆ అనుమానం రాదు.

సరైన జవాబు వెనుక కూడా తప్పు ఆలోచన దాగి ఉండవచ్చు. 0.45, 0.5లలో ఏది పెద్దదని అడిగితే, 5 కంటే 45 పెద్దది కాబట్టి 0.45 అనే పిల్లలు ఉంటారు. 0.5 అని సరిగ్గా చెప్పినవారిలోనూ కొందరు, దశాంశ బిందువు తరువాత అంకెలు తక్కువ ఉంటే సంఖ్య పెద్దదని నమ్మి అలా చెబుతారు. వెంటనే 0.4, 0.65 ఇచ్చి చూస్తే ఈ రెండో రకం పిల్లలు 0.4 అంటారు, మొదటి రకం వారు సరైన జవాబే చెబుతారు. అంటే ఒక్క ప్రశ్న ఇచ్చి ఆగిపోయే పరీక్షలో ఈ రెండు గుంపుల్లో ఏదో ఒకటి మన కన్నుగప్పి వెళ్లిపోతుంది. ఇలాంటి ప్రశ్నల జంటలను తయారు చేయడం నేర్పే శిక్షణ ఒక పూట జరిగినా మేలే. దాని తరువాత ఉపాధ్యాయులు బడికి వెళ్లి వాటిని ప్రయత్నించి, పిల్లలు రాసిన కాగితాలతో రెండు మూడు వారాలకు మళ్లీ కలవాలి. శిక్షణ ఫలించాలంటే ఆ రెండో కలయిక తప్పనిసరి, మన దగ్గర ముందుగా ఎగిరిపోతున్నదీ అదే.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభ్యసనానికి వెచ్చించాలని చెప్పింది. ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక అయిన దీక్షలో కోర్సులు పూర్తి చేసి ధ్రువపత్రాలు తీసుకోవడంతోనే ఆ గంటలు నిండిపోవచ్చు. ఆ కోర్సులు పనికిరావని నేను అనను. అయితే ఆ 50 గంటల్లో కొంత సమయమైనా సొంత తరగతి పిల్లల రాతలను తోటివారితో కలిసి చదవడానికి కేటాయించమని మీరు ప్రధానోపాధ్యాయుల ద్వారా గట్టిగా కోరాలి.

ఇక బీజీయ సమాసాల విషయం. భాగహారం వచ్చేదాకా వాటిని ఆపనక్కరలేదు. 4 × 23ను 4 × 20, 4 × 3గా విడదీసి, ఒక దీర్ఘచతురస్రాన్ని రెండు ముక్కలుగా గీసి చూపండి. అదే బొమ్మలో 20 ఉన్నచోట x రాస్తే 4(x + 3) అవుతుంది. వెనుకబడిన పిల్లవాడు గుణకారంలో స్థాన విలువను మళ్లీ చూసుకుంటాడు, ముందున్నవాడు విభాగ న్యాయాన్ని, అంటే 4(x + 3) = 4x + 12 ఎందుకవుతుందో, అర్థం చేసుకుంటాడు.

ప్రశ్న: నేను ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్ని). పదో తరగతి తరువాత గణితం చదవలేదు, డిగ్రీలో ఆర్ట్స్ గ్రూపు. ఐదో తరగతికి భిన్నాలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా భయంగా ఉంటుంది. సమావేశాల్లో అడిగితే చులకనవుతానేమోనని అడగలేకపోతున్నాను. మళ్లీ గణితంలో డిగ్రీ చదవాలా?
– ఒక ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

సమాధానం: అవసరం లేదమ్మా. లిపింగ్ మా అనే పరిశోధకురాలు చైనా, అమెరికా ప్రాథమిక ఉపాధ్యాయుల గణిత జ్ఞానాన్ని పోల్చిన అధ్యయనం 1999లో పుస్తకంగా వచ్చింది. అందులో 72 మంది చైనా ఉపాధ్యాయులు, 23 మంది అమెరికా ఉపాధ్యాయులు ఉన్నారు. ఒకటి ముప్పావును అరతో భాగించి, ఆ లెక్కకు తగిన కథ ఒకటి చెప్పమని వారిని అడిగారు. చైనా వారందరూ లెక్క సరిగ్గా చేశారు, వారిలో అత్యధికులు సరైన కథ కూడా చెప్పారు. అమెరికా వారిలో సగం కంటే తక్కువ మంది లెక్కను పూర్తిగా సరిగ్గా చేయగలిగారు, సరైన కథ చెప్పినవారు ఒక్కరే. చాలామంది అరతో భాగించడానికి బదులు ఇద్దరికి పంచే కథ చెప్పారు.

మీరు గమనించవలసింది వారి చదువుల సంగతి. అమెరికా వారు డిగ్రీ చదివినవారు. చైనా వారిలో అధికులు తొమ్మిదో తరగతి తరువాత రెండు మూడేళ్ల ఉపాధ్యాయ శిక్షణ మాత్రమే పొందినవారు. వారి లోతైన అవగాహనలో పెద్ద భాగం ఉద్యోగంలో చేరాక సమకూరింది. పాఠ్యపుస్తకాన్ని ప్రతి లెక్క దగ్గరా ఆగి, ఇది ఇక్కడే ఎందుకు ఉంది, దీనికి ముందు పిల్లలకు ఏం వచ్చి ఉండాలి అని ప్రశ్నించుకుంటూ చదివారు, సహోపాధ్యాయులతో చర్చించారు, పిల్లలు చేసే పద్ధతులను గమనించారు. విషయ జ్ఞానానికీ బోధనా పద్ధతికీ మధ్య ఉపాధ్యాయులకే చెందిన ప్రత్యేకమైన జ్ఞానం ఒకటి ఉంటుందని అమెరికా విద్యా పరిశోధకుడు లీ షుల్మన్ 1986లో ప్రతిపాదించారు. మీకు కావలసింది అదే. దాన్ని మీరు మీ ఐదో తరగతి పుస్తకంతోనే మొదలుపెట్టవచ్చు.

పై లెక్కనే తీసుకోండి. పాత్రలో ఒకటి ముప్పావు లీటరు పాలున్నాయి, అర లీటరు చెంబుతో కొలిస్తే ఎన్ని చెంబులవుతాయి? మూడు నిండు చెంబులు, ఇంకా పావు లీటరు, అంటే సగం చెంబు. జవాబు మూడున్నర. తిరగేసి గుణించడం తరువాత నేర్పవచ్చు; మొదట ఇది పాల కొలతగా పిల్లలకూ మీకూ కనిపించాలి. అడగడానికి సంకోచం ఉంటే, వచ్చే నెల చెప్పబోయే ఒక్క అధ్యాయం పట్టుకుని, దగ్గరలోని ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడితో ఒక గంట కూర్చోండి. ఐదో తరగతి పిల్లలు భిన్నాల దగ్గర ఏమంటారో మీకు తెలిసినంతగా వారికి తెలియదు. వారికీ మీ దగ్గర నేర్చుకోవలసినది ఉంది.

ప్రశ్న: ఇంగ్లిష్ మాధ్యమంలో గణితం చెబుతూ మధ్యలో తెలుగు వాడితే తప్పా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: తప్పు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక పక్క తెలుగు, మరో పక్క ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చింది ఇందుకే. పిల్లవాడు తన ఆలోచనను తెలుగులో పూర్తిగా చెప్పనివ్వండి, ఆ తరువాత లవం పక్కన న్యూమరేటర్, హారం పక్కన డినామినేటర్ రాయించండి.

ప్రశ్న: మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశం నివేదికలతో, సూచనలు చదవడంతో గడిచిపోతోంది. గణితానికి దొరికే ఒక పూటను ఎలా వాడుకోవాలి?
– ఒక కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

సమాధానం: పెద్ద పాఠశాల చుట్టూ ఉన్న చిన్న పాఠశాలలకు అండగా నిలవాలన్న ఉద్దేశంతో కొఠారి కమిషన్ (1964–66) ఈ కాంప్లెక్సులను సిఫారసు చేసింది. ఆ ఉద్దేశానికి జపాన్ పాఠశాలల్లో ఎంతోకాలంగా ఉన్న పాఠ అధ్యయన పద్ధతి చక్కగా సరిపోతుంది. అక్కడ కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని రూపొందిస్తారు, ఒకరు దాన్ని నిజమైన తరగతిలో చెబుతారు, మిగిలినవారు పిల్లలను గమనిస్తారు, తరువాత అందరూ చర్చించి పాఠాన్ని సవరిస్తారు.

సమావేశానికి వారం ముందు అన్ని బడులకూ 1/3 + 1/4 అన్న ఒక్క లెక్క పంపండి. 2/7 అని రాసిన పిల్లల కాగితాలు తెమ్మనండి. లవాలను, హారాలను విడివిడిగా కలిపినవారు అన్ని బడుల్లోనూ ఉంటారు. క.సా.గు. పద్ధతిని మళ్లీ చెప్పే ముందు, 2/7, 1/3లలో ఏది పెద్దదని పిల్లలను అడగాలని నేను సూచిస్తాను. 1/3 అంటే 2/6, కాబట్టి 2/7 దానికంటే చిన్నది. ఉన్నదానికి ఇంకొంత కలిపితే తగ్గడమేమిటని పిల్లలే తమ జవాబును నిలదీస్తారు. ఈ ప్రశ్న చుట్టూ సమావేశంలో అందరూ కలిసి పాఠం రాసి, ఒకరు మీ పాఠశాలలోనే ఆ పాఠం చెప్పాలి. చూసేవారు గదిలో వెనుక వరుసలో కూర్చోకుండా, ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లల పక్కన కూర్చుని, వారు ఏం రాశారో, ఏది కొట్టివేశారో, ఎక్కడ పక్కవారి పలకలోకి చూశారో నమోదు చేయాలి.

చర్చలో పాఠం చెప్పినవారిని విమర్శించనివ్వకండి. పాఠం అందరూ కలిసి రాసినది, కనుక లోపం కూడా అందరిదీ. సీఆర్పీలు (బడులను సందర్శించే క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) కూడా రిజిస్టర్లు, పాఠ్య పథకాలు తనిఖీ చేసే పనిని ఆ పూటకు పక్కన పెట్టి పిల్లల మధ్యనే కూర్చోవాలి. అప్పుడే ఉపాధ్యాయులు తమకు రానిదాన్ని వారి ఎదుట నిర్భయంగా చెప్పగలుగుతారు. తరువాతి సమావేశంలో నివేదికల కంటే ముందు, సవరించిన పాఠాన్ని ఎవరెవరు తమ బడిలో చెప్పారో, పిల్లలు ఏం రాశారో అడగండి.