రాయబార కార్యాలయమా, కాన్సులేటా?

సందేహం: ‘హాంకాంగ్‌ను చైనాకు అప్పగించక ముందే బ్రిటన్ అక్కడ తన రాయబార కార్యాలయాన్నీ, సాంస్కృతిక రాయబార కార్యాలయాన్నీ కట్టుకుంది’ అన్న వాక్యాన్ని ఒక వ్యాసంలో చదివాను. ఒకే ఊళ్లో రెండు రాయబార కార్యాలయాలు ఉంటాయా? ‘అప్పగించు’ అన్న క్రియ ఇక్కడ సరైనదేనా?

సమాధానం: ఆ వాక్యంలోని విషయం నిజమే కాని, పేర్లు కుదరలేదు. ఒక ప్రభువు మాటను మరొక ప్రభువు కొలువులో వినిపించడం రాయబారం; భారతంలో సంజయుడు, శ్రీకృష్ణుడు చేసినది అదే. కొలువులోనే నిలిచి ఉండి తన ఏలికకు సమాచారం పంపేవాణ్ణి మన పూర్వులు స్థానాపతి అన్నారు; ‘రాయవాచకము’ మధుర విశ్వనాథనాయనికి అతని స్థానాపతి పంపిన విన్నపంగానే నడుస్తుంది. ఆ మాట వాడుకలో నిలిచి ఉంటే ఈ చిక్కు కొంత తగ్గేదేమో. రాయబార కార్యాలయం ఒక దేశపు ప్రభుత్వాన్ని ఉద్దేశించినది కనుక సాధారణంగా రాజధానిలోనే ఉంటుంది. చైనాలో బ్రిటన్ రాయబార కార్యాలయం బీజింగ్‌లో అప్పటికే ఉంది. హాంకాంగ్‌లో ఏర్పడింది కాన్సులేట్ జనరల్. పాస్‌పోర్టులు, తమ పౌరుల బాగోగులు, వాణిజ్య సంబంధాలు అక్కడి పనులు. హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్‌ను మనమెవరమూ రాయబార కార్యాలయం అనడం లేదు. (అదే నగరంలోని బ్రిటన్ కార్యాలయాన్ని మాత్రం ఉప హైకమిషన్ అనాలి; కామన్వెల్త్ దేశాల మధ్య రాయబారి హైకమిషనర్ అవుతాడు.)

ఇక్కడ కాలం కూడా పట్టించుకోవలసిన విషయం. తన ఏలుబడిలోని నేలమీద ఏ దేశమూ తన కాన్సులేట్‌ను తెరవదు. బ్రిటన్ ఏలుబడిలో గవర్నరు ఉన్నంతకాలం హాంకాంగ్‌లో బ్రిటన్‌కు వాణిజ్య కమిషన్ ఉండేది గాని, కాన్సులేట్ లేదు. 1984 డిసెంబరు 19న, హాంకాంగ్ అప్పగింత గురించి బ్రిటన్, చైనాలు చేసిన సంయుక్త ప్రకటన మీద సంతకాలయ్యాక, 1997 జూలై 1 తర్వాత అక్కడ తానొక పరాయి దేశమవుతుందని బ్రిటన్‌కు ఖాయంగా తెలిసింది కాబట్టి, ఆ మర్నాటి అవసరాలకు ముందుగానే చోటు చూసుకుంది. వాస్తుశిల్పి టెర్రీ ఫారెల్ రూపకల్పనలో, అడ్మిరాల్టీ ప్రాంతంలో హాంకాంగ్ పార్కు పక్కన, కాన్సులేట్‌కూ, ఆ వ్యాసం ‘సాంస్కృతిక రాయబార కార్యాలయం’ అన్న బ్రిటిష్ కౌన్సిల్‌కూ పక్కపక్కనే భవనాలు 1996 నాటికి సిద్ధమయ్యాయి. భవనం ముందే లేచింది. దానికి కాన్సులేట్ అన్న హోదా మాత్రం సార్వభౌమాధికారం చేతులు మారాకే దక్కింది. కనుక ‘కాబోయే కాన్సులేట్ జనరల్‌కూ, బ్రిటిష్ కౌన్సిల్‌కూ భవనాలు కట్టుకుంది’ అని రాసి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు.

బ్రిటిష్ కౌన్సిల్‌ను ‘సాంస్కృతిక రాయబార కార్యాలయం’ అనడం నాకు బొత్తిగా నచ్చదు. ఇంగ్లీషు బోధన, పరీక్షలు, కళా కార్యక్రమాలు చూసే ఆ సంస్థ హాంకాంగ్‌లో 1948 నుంచే, అంటే వలసపాలన సాగుతున్నప్పుడే, పనిచేస్తోంది. దాని ఉనికి అక్కడి జెండాను బట్టి లేదు. సాంస్కృతిక కార్యాలయం అంటే సరిపోతుంది.

ఇక ‘అప్పగించు’ తప్పు కాదు. నేరస్థుల విషయంలోనూ, పెళ్లిళ్లలోనూ వాడతాం గనుక కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. సంయుక్త ప్రకటనలో బ్రిటన్ హాంకాంగ్‌ను తిరిగి అప్పగిస్తానంది. చైనా మాత్రం సార్వభౌమాధికారాన్ని వినియోగించడం తిరిగి మొదలుపెడతానంది. చైనా దృష్టిలో ఆ హక్కు ఎన్నడూ చేజారలేదు. బ్రిటన్ సన్నాహాల గురించి రాసేటప్పుడు ‘అప్పగించు’ సహజమే. సాధారణ చర్చలో ‘సార్వభౌమాధికార బదలాయింపు’ మేలు. ‘బదిలీ’ అనగానే ఉద్యోగులు గుర్తుకొస్తారు. ‘అధికార మార్పిడి’ ఎన్నికల తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడు వాడే మాట కాబట్టి ఇక్కడ చాలదు.

పాలన చేతులు మారడానికీ, సార్వభౌమాధికారం చేతులు మారడానికీ ఉన్న తేడా తెలుగువారికి యానాం విషయంలో మరీ అవసరం. ఫ్రాన్స్ వలసలైన యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహేల పాలన 1954 నవంబరు 1న భారతదేశం చేతికి వచ్చింది. అప్పగింత ఒప్పందం మీద 1956 మే 28న సంతకాలయ్యాయి. అది అమలులోకి వచ్చినది 1962 ఆగస్టు 16న. పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 1955లోనే ప్రారంభమైంది, అంటే పాలన మారిన తర్వాత, చట్టరీత్యా సార్వభౌమాధికారం మారకముందు. కాబట్టి 1954కు ‘పాలన బదలాయింపు’ అనీ, 1962కు ‘సార్వభౌమాధికార బదలాయింపు’ అనీ విడివిడిగా రాయాలి. రెండింటికీ ‘విలీనం’ అని రాసేస్తే, ఆ ఇన్‌స్టిట్యూట్ ఏ ఏర్పాటు కింద పుట్టిందో పాఠకుడికి అర్థం కాదు.