బిల్లులో ఓవర్‌హాలింగ్, బానెట్ కింద వేరే ఇంజన్

ప్రశ్న: మా నాన్నగారిది 1972 అంబాసిడర్ మార్క్ 2. ఆ కారంటే ఆయనకు ప్రాణం. నన్ను రోజూ బడిలో దింపింది, చెల్లిని అత్తారింటికి తీసుకెళ్లింది అదే. ఆయన 2019లో పోయారు. 2018లో ఆయన చేయించిన ఆర్సీ రెన్యువల్ 2023తో ముగిసింది. మళ్లీ చేయించే ముందు బండి బాగు చేయిద్దామని 2023 అక్టోబరులో ఒక గ్యారేజీకి ఇంజన్ ఓవర్‌హాలింగ్‌కు ఇచ్చాను. పని జరుగుతుండగా ఓనరు వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. 2024 ఫిబ్రవరి 10న బండి చేతికొచ్చింది. 1,85,000 రూపాయలు కట్టాను, నా పేరు మీద బిల్లుంది. 2025 జూన్‌లో ఆర్టీఏకు తీసుకెళ్తే ఇంజన్ నంబరు ఆర్సీతో కలవడం లేదని తిప్పి పంపారు. 1989లో మీ నాన్నగారే ఇంజన్ మార్పించి ఉంటారని గ్యారేజీ ఓనరు అంటున్నాడు. అప్పట్లో రాణిగంజ్‌లో ఏదో ఇంజన్ పని జరిగిన మాట నిజమే. గొడవెందుకు సార్, ఆర్సీ నంబరే దీని మీద కొట్టించి ఇస్తానంటున్నాడు. నాన్న ఇంజన్ నాకు తిరిగి దక్కుతుందా? వింటేజ్ రిజిస్ట్రేషన్ వస్తుందా?
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీ కేసు ఒక్క ప్రశ్న మీద తేలుతుంది. 2023 అక్టోబరులో తాళాలు ఇచ్చిన రోజున ఆ కారులో ఉన్నది ఏ నంబరు ఇంజన్? ఆర్సీ చూపిస్తే సరిపోతుందనుకుంటున్నారు, సరిపోదు. రికార్డులో ఏ నంబరు ఎక్కిందో ఆర్సీ చెబుతుంది గానీ ఆ రోజు బానెట్ కింద ఏముందో చెప్పదు. గ్యారేజీ ఓనరు 1989 మాట ఎత్తింది ఈ సందు చూసే. అంబాసిడర్లకు ఇంజన్ మార్చుకోవడం కొత్తేమీ కాదు కనుక వినియోగదారుల కమిషన్ కూడా ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయదు.

దాన్ని పడగొట్టే కాగితం ఆర్టీఏలోనే ఉండాలి. 2018లో రెన్యువల్ చేసేటప్పుడు వాహన తనిఖీ అధికారి బండి చూసే ఉంటారు. ఆ ఫైలు నకలు, బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (ఆర్టీఏ దగ్గరుండే మీ బండి రిజిస్ట్రేషన్ రికార్డు నకలు) కావాలని 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఇవాళే పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తనిఖీలో నంబరు సరిపోయిందని రాసి ఉంటే 1989 కథ అక్కడితో ఆగిపోతుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలు కూడా వెతకండి. అయితే వాటిలో నంబరును ఆర్సీ చూసి దించి ఉంటారు కాబట్టి వాటి బలం తక్కువ.

అంతకన్నా పెద్ద సాక్ష్యం మీ ఫోన్‌లో ఉంది. ఇంజన్ విప్పేటప్పుడు గ్యారేజీ వాడే తీసి పంపిన ఫోటోలవి. మీరు నాకు పంపిన రెండింటిలో ఒకటి పనికిరాదు. అందులో ఉబ్బెత్తుగా కనిపిస్తున్న అంకెలు ఇంజన్ నంబరు కావు, కాస్టింగ్ నంబరు. బ్లాక్ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) పోత పోసినప్పుడే అచ్చులోంచి వస్తుంది, అదే అచ్చులో పోసిన బ్లాకులన్నిటి మీదా ఉంటుంది. ఆర్సీలో రాసేది లోపలికి గుద్దిన అంకెలను. మొదటి ఫోటోలో బ్లాక్ స్టాండు మీద ఉంది, పక్కన నూనె మరక కింద గుద్దిన అంకెల్లో చివరి మూడూ కనిపిస్తున్నాయి. అవి మీ ఆర్సీతో కలుస్తున్నాయి. కేసు గెలిస్తే ఈ ఫోటోతోనే గెలుస్తారు. ఆ చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి, రిపేరుకు ఇవ్వకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఇస్తే అవతలి లాయరు అభ్యంతరం చెబుతారు.

ఇంకో ఆధారం బిల్లులో ఉంది, మీరు గమనించినట్టు లేరు. "రీబోరింగ్, పిస్టన్లు 40 సైజు" అని రాశారు. అంటే సిలిండర్లను అంగుళంలో వెయ్యో వంతులు నలభై మేర వెడల్పు చేసి, అందుకు తగ్గ పిస్టన్లు వేశారని. మీ కారుకు రావాల్సింది 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్. దాని సిలిండర్ అసలు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. 40 సైజుకు బోర్ చేస్తే 74.04 దగ్గరకు రావాలి. ఇప్పుడున్న బ్లాక్‌లో అంత కొలత లేకపోతే బిల్లులో రాసిన పని ఈ ఇంజన్‌కు జరగలేదన్నట్టే, ఓనరుకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. కొలత సరిపోతే మాత్రం అది మీకు సాయం చేయదు, మళ్లీ ఫోటో మీదే ఆధారపడాలి. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలోంచి సన్నటి కెమెరా పంపితే పిస్టన్ తల మీద గుద్దిన సైజు కనిపించే అవకాశముంది. కానీ మీ అంతట మీరు హెడ్ విప్పించవద్దు. విప్పించాక మీరే మార్చారంటారు. కొలతలు కమిషన్ నియమించే నిపుణుడు, రెండు పక్షాల ఎదుట తీయాలి. కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్ పాతవే చూడండి అని ఓనరు చూపిస్తే పట్టించుకోకండి. నాలుగు బోల్టులు విప్పితే ఒక ఇంజన్ మీంచి ఇంకో ఇంజన్ మీదికి వెళ్లే సామాన్లవి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. తెలిసింది 2025 జూన్‌లో కదా, అప్పటి నుంచి లెక్క అని మీరంటారు. బానెట్ ఎత్తి నంబరు చూసుకోవడానికి ఎవరు అడ్డుపడ్డారని వాళ్లంటారు. ఆ తగువు పెట్టుకోకండి. బండి చేతికొచ్చిన 2024 ఫిబ్రవరి 10 నుంచే లెక్కేసుకుని, 2026 ఫిబ్రవరి మొదటి వారంలోపే ఫిర్యాదు దాఖలు చేయండి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలు చట్టంలో ఉంది, కానీ దానికి తగిన కారణం చూపాలి. మీకు లేదు. జూన్ నుంచి ఇప్పటిదాకా ఓనరుతో "చూద్దాం సార్", "వచ్చే వారం సార్" అనిపించుకుంటూ ఏడు నెలలు పోగొట్టుకున్నారు. ఆ మెసేజీలు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. లాయర్ నోటీసు పంపినా గడువు ఆగదు.

నంబరు కొట్టించే మాటకు ఒప్పుకోకండి. ఎంత చిన్న పని అని చెప్పినా, ఎవరు హామీ ఇచ్చినా వద్దు. ఇవాళ మోసపోయింది మీరు. ఆ పంచ్ పడిన మరుక్షణం ఆర్టీఏను మోసం చేయబోయింది మీరవుతారు. ఇప్పుడున్న ఇంజన్ దొంగబండిదైతే నంబరు చెరిపిన దొంగసొత్తు మీ ఇంట్లో ఉన్నట్టు. దాగదు కూడా. అంకెలు గుద్దినప్పుడు అడుగునున్న లోహం కూడా నలుగుతుంది, పైన అరగదీసినా యాసిడ్‌తో పాత అంకెలు బయటపడే అవకాశముంది. రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి చోట్ల అలా తేలుస్తారు. పైగా ఇప్పుడున్న తప్పు నంబరే మీ సాక్ష్యం, దాన్ని మీ చేతులతో మీరే చెరిపినట్టవుతుంది. ఓనరు అంత ఉదారంగా ముందుకొస్తున్నది అందుకే.

ఫిర్యాదు హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరు కట్టింది 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. బిల్లు మీ పేరున ఉంది కాబట్టి వినియోగదారు మీరే. అసలు ఇంజన్ తిరిగి ఇప్పించాలని, అది దొరక్కపోతే పరిహారంతో పాటు ఇప్పుడున్న ఇంజన్ ఎక్కడిదో చూపే పత్రాలు ఇప్పించాలని కోరండి. అప్పగించిన సొత్తును కాజేయడం నేరం. మీ విషయంలో అది 2024 జూలైకి ముందే జరిగింది కనుక భారతీయ న్యాయ సంహిత కాదు, పాత ఐపీసీ 406వ సెక్షన్ వర్తిస్తుంది. పోలీసు ఫిర్యాదు మాత్రం ఆర్టీఏ ఫైలు చూశాకే ఇవ్వండి. 1989లో నిజంగానే ఇంజన్ మారి ఉంటే అబద్ధపు ఫిర్యాదు మీ మెడకు చుట్టుకుంటుంది. ఫైలు రావడం ఆలస్యమైనా కమిషన్ ఫిర్యాదు ఆపవద్దు, తర్వాత జతచేయవచ్చు.

మీ నిర్లక్ష్యం ఇంకోటి ఉంది. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంది. యజమాని పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31 (వారసుడి పేరు మీదికి బండి మార్చమనే దరఖాస్తు) ఇవ్వాలి. ఏళ్లు గడిచిపోయాయి. గడువు తీరిన ఆర్సీతో, పోయిన మనిషి పేరుతో బండి రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు, బాధితుడి కుటుంబం మీ మీదికి వస్తుంది. ఈ రోజు నుంచి కారు షెడ్డు దాటకూడదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అమ్మగారి, చెల్లెలి అంగీకార అఫిడవిట్లు సిద్ధం చేసుకుని పేరు మార్పించుకోండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇప్పుడే 20,000 కట్టకండి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటితే చాలదు, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అసలు ఇంజన్ తిరిగొస్తే దరఖాస్తు చేయండి. రాకపోతే మామూలు రెన్యువల్ దారి ఉంది. ఇంజన్ మార్చిన 14 రోజుల్లో ఆర్టీఏకు చెప్పాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. ఆ గడువు మీకు తెలియకుండానే దాటింది. కమిషన్ ఆదేశం, ఇంజన్ మూల పత్రాలు జతచేసి, ఆలస్యానికి కారణం రాసి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించమని అడగండి.