మీ ప్రశ్నలు – మా జవాబులు: కాటా దగ్గర నీతి కవచం

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు దగ్గర పల్లె. మామిడి సీజన్లో తోతాపురి లోడ్లు వచ్చే ఒక ర్యాంపులో, అంటే కాయ కొనే యార్డులో, కాటా మీద పని చేస్తాను. లోడు బండిని ఒకసారి, కాయ దించేసినాక ఖాళీ బండిని ఒకసారి తూకం వేస్తాం కదా, ఖాళీ బండి తూకం అప్పుడు మావాళ్లు ముగ్గురు ప్లాట్‌ఫాం మీదనే నిలబడతారు, నన్ను చూడనట్టు ఉండమన్నారు, సాయంత్రం చేతిలో కొంచెం పెడతారు. మొదట వద్దన్నా, ఇంట్లో పరిస్థితి చూసి తీసుకున్నా. ఇప్పుడు చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం) దగ్గర చెయ్యి ముందుకు రావట్లేదు. మొన్న పాస్టర్ గారు బైబిల్లో ఎఫెసీ పత్రిక 6లో నీతి అనే మైమరువు, అంటే కవచం గురించి చెప్పినారు, అది తొడుక్కుంటే సాతాను ఏమీ చేయలేడంట. నాకు నీతే లేదు, ఇంక కవచం ఎక్కడిది? అసలు దేవుడున్నాడా అని రాత్రిళ్లు అనుమానం కూడా వస్తా ఉంది.

జవాబు: తమ్ముడూ, దాచకుండా రాసినావు, సంతోషం. ముందు కవచం సంగతి. ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు ఆ మాట సంకెళ్లలో ఉండి రాసినాడు, అదే అధ్యాయం 20వ వచనంలో తనే చెప్పుకున్నాడు. అయితే ఆ కవచం మాట అంతకుముందే యెషయా 59లో ఉంది, అక్కడ దాన్ని తొడుక్కునేది సాక్షాత్తు దేవుడే. ఒకసారి ఆ అధ్యాయం తీసి చదువు, మీ ర్యాంపు చూసి రాసినట్టే ఉంటుంది, సత్యం సంతవీధిలో పడి ఉంది, అడ్డం పడేవాడు ఒక్కడూ లేడు, అది చూసి దేవుడే నీతిని కవచంగా వేసుకుని లేచినాడు అని. మన మంచి పనులతో కుట్టుకుందామంటే అవి మురికిగుడ్డలని అదే యెషయా 64లో ఉంది. పౌలైతే ధర్మశాస్త్రం విషయంలో తన మీద నింద లేదని చెప్పుకోగలిగిన మనిషి, ఆయనే ఫిలిప్పీ 3లో ఆ స్వనీతిని పక్కన పడేసి క్రీస్తు ద్వారా దొరికే నీతి కావాలన్నాడు. కాబట్టి నీతి లేదు గనక కవచం రాదు అనుకోవద్దు, లేనివాళ్లకోసమే ఆయన ఇచ్చేది.

ఇంకోటి గమనించినావా? డబ్బు తీసుకునే ముందు నీ లోపల గొంతు ఏమంది? అందరూ చేసేదే, సీజన్ రెండు నెలలే, ఏం కాదులే అంది. తీసుకున్నాక అదే గొంతు, నువ్వెక్కడి విశ్వాసివి, నీకు బల్ల ఎందుకు అంటోంది. ముందు వకీలు, తర్వాత జడ్జి, రెండు వేషాలూ ఆ సాతానువే. జెకర్యా 3లో ప్రధానయాజకుడు యెహోషువ మురికి బట్టలతో నిలబడితే సాతాను పక్కనే ఉండి నేరం మోపుతాడు. ఆ బట్టలు శుభ్రంగా ఉన్నాయని దేవుడు అనలేదు, వాటిని తీయించి వేరేవి తొడిగించినాడు, నేరం మోపేవాణ్ణి గద్దించినాడు.

ఇక్కడితో ఆపేస్తే నీకు హాయిగానే ఉంటుంది, కానీ నేను ఆపను. ముగ్గురు మనుషుల బరువంటే ఒకటిన్నర క్వింటా పైమాటే, ఖాళీ బండికి అంత ఎక్కువ పడితే రైతు కాయలో అంత తరిగిపోతుంది, వాడు కూలి ఇచ్చి కోయించి, రాత్రంతా ట్రాక్టర్ క్యూలో పడుకుని తెచ్చిన కాయ అది. సామెతలు 11:1లో దొంగత్రాసు యెహోవాకు హేయము అని ఉంది, దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు. కవచం గురించి రాసిన ఆ పత్రికలోనే రెండు అధ్యాయాల ముందు, 4వ అధ్యాయంలో, అపవాదికి (సాతానుకి) చోటివ్వొద్దు, దొంగిలేవాడు ఇకమీదట మానెయ్యాలి అని పక్కపక్కనే ఉంది. మనవాళ్లు 6వ అధ్యాయం మీద కన్వెన్షన్లు పెడతారు, 4 మీద పెట్టరు, అదేందో మరి.

పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా లెక్కల దగ్గర కూర్చున్నవాడే కదా, లూకా 19. యేసు వాళ్లింటికి పోయినాకే, నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నువ్వు కూడా క్షమాపణ అడిగి, కాటా స్లిప్పుల్లో బండి నంబర్లు ఉంటాయి కదా, తెలిసిన రైతులకైనా జరిగింది చెప్పి నీకు ముట్టింది ఇచ్చెయ్. రేపటినుంచి మనుషులు కిందికి దిగితేనే తూకం కొట్టు. పని పోవచ్చు. పోతే దేవుడు ఇంతకన్నా పెద్ద ఉద్యోగం ఇస్తాడని నేను రాయను, అట్లాంటి ప్రసంగాలు నాకు నచ్చవు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పుకో, సంఘంలో నమ్మకమైన పెద్ద ఒకరిని తోడు తీసుకో. దేవుడున్నాడా అనే అనుమానం నీకు పుస్తకం చదివి వచ్చినట్టు లేదు, ఆయన లేకపోతే బాగుండు అనిపించి వచ్చినట్టుంది. ఈ లెక్క తేల్చినాక కూడా ఉంటే మళ్లీ రాయి.

ప్రశ్న: నేను తిరుపతిలో హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాను. నా రూమ్మేట్స్ అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్తారు, మంచివాళ్లు, నా విశ్వాసం గురించి వాళ్లడిగే ప్రశ్నలకి జవాబు తెలీక నాకే సందేహాలు మొదలయ్యాయి. ప్రార్థన గుంపులో చెప్తే నీ జీవితంలో నీతి తగ్గింది అందుకే అన్నారు. నిజమేనా?

జవాబు: లేదమ్మా. పైన తమ్ముడికి చెప్పింది అందరికీ అతికించకూడదు. యోబు యథార్థవంతుడని మొదటి వచనంలోనే ఉంది, ఆయన అడిగినన్ని ప్రశ్నలు ఎవరడిగారు? బాప్తిస్మమిచ్చే యోహాను చెరసాల నుంచి, రావలసినవాడివి (మెస్సీయవి) నువ్వేనా అని యేసు దగ్గరికి మనుషుల్ని పంపి అడిగించాడు, యేసు కోప్పడలేదు, మీరు చూసినవి పోయి చెప్పండి అన్నాడు, పైగా జనం ముందు ఆయన్ని మెచ్చుకున్నాడు. తెలీనిదాన్ని తెలీదని చెప్పి, కనుక్కుని చెప్తానను, సువార్తల్లో ఒకటి తీసి వరసగా చదువు. మన పోరాటం మనుషులతో కాదని ఎఫెసీ 6:12లో ఉంది, కాబట్టి రూమ్మేట్స్‌ని శత్రువుల్లా చూడొద్దు.

ప్రశ్న: రోజూ పొద్దున్నే ఎఫెసీ 6లో ఉన్న ఒక్కొక్క కవచం పేరు చెప్పి తొడుక్కుంటున్నట్టు ప్రార్థన చేయకపోతే ఆ రోజు రక్షణ ఉండదా? – రేణిగుంట నుంచి ఒక అక్క

జవాబు: అట్లా ఎక్కడా రాసి లేదక్కా. గుర్తు చేసుకోడానికి చేస్తే మంచిదే, మర్చిపోయిన రోజు భయపడొద్దు. 1 థెస్సలొనీక 5:8లో అదే పౌలు విశ్వాసాన్నీ ప్రేమనీ కవచం అన్నాడు, అంటే లిస్టు తప్పకుండా అప్పజెప్పాలని ఆయన ఉద్దేశం కాదు.